పెద్ద టీవీ ముందు అవ్వ కూర్చున్న చోటు

ఇప్పటి పిల్లలు టీవీని పలకలాగా చంకన పెట్టుకుని మెట్లెక్కుతుంటే నాకు నవ్వొస్తుంది. కాస్త కడుపుమంట కూడా. మేము మోసిన పెద్ద టీవీలు అలాంటివి కావు. బీరువాకు తెర బిగించినట్టుండేవి. నలుగురు పట్టాలి, తలుపు రెక్కలు ఊడదీయాలి, గడప దగ్గర ఎవడో ఒకడి వేలు నలగాలి. ప్రొజెక్షన్ టీవీ అనేవాళ్ళం. పెట్టె అడుగున ఎరుపు, పచ్చ, నీలం వెలుగులిచ్చే మూడు ట్యూబులుండేవి. ఆ వెలుగు వెనకనున్న అద్దం మీద పడి, అక్కడి నుంచి తెర వెనక వైపుకు తగిలితే ముందు కూర్చున్నవాళ్ళకు బొమ్మ కనిపించేది. మూడు రంగుల బొమ్మలూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. ఆ కూర్చోబెట్టే పనికే మాలాంటివాళ్ళను పిలిచేవారు.

అనంతపురంలో ఒక షాపులో నేను ఇరవై ఏడేళ్ళు సర్వీసు మెకానిక్కుగా పనిచేశాను. రిటైరైన మెకానిక్కును ఎవరైనా కదిలిస్తే తాను బతికించిన పెట్టెల గురించే చెబుతాడు. ఎవరికీ అంతుపట్టని లోపాన్ని తాను వాసన చూసి పట్టుకున్నానంటాడు. నేనూ పెళ్ళి భోజనాల దగ్గర అలాంటివి బోలెడు చెప్పాను. ఇది మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇందులో టీవీ చెడిపోలేదు. చెడగొట్టింది నా నోరు.

ఆ టీవీలు కొత్తగా వచ్చినప్పుడు మా ఓనరు నన్ను మూడు రోజుల ట్రైనింగుకు బెంగుళూరు పంపాడు. పాఠం చెప్పినాయన మెత్తగా మాట్లాడే మనిషి. రెండో రోజు బోర్డు మీద టీవీ బొమ్మ గీసి, ఎదురుగా ఒక సోఫా గీశాడు. "ఈ తెర వెలుగును నేరుగా ముందుకే పంపుతుంది. మరీ పైనుంచి చూసినా, మరీ కిందినుంచి చూసినా బొమ్మ మసకబారుతుంది. కూర్చున్నవాళ్ళ కన్నూ తెర నడుమా ఒకే ఎత్తులో ఉండాలి" అన్నాడు. నోటుబుక్కులో రాసుకుని కింద గీత కూడా గీశాను. చివరి రోజు పరీక్షలో ఆ ప్రశ్నే వస్తే చక్కగా రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆయన సోఫా గీశాడు కాబట్టి కూర్చున్నవాళ్ళంటే సోఫాలో కూర్చున్నవాళ్ళేనని నా బుర్రలో పడిపోయింది. మా ఇంట్లో అప్పటికి సోఫా లేదు. మా అమ్మ బతికినన్నాళ్ళూ నలుగురిలో కుర్చీ ఎక్కి ఎరగదు. అయినా నాకు తట్టలేదు.

వరసగా మూడేళ్ళు ఎండిన తర్వాత ఆ ఏడు వాన అదునుకు పడి చెనిక్కాయ, అంటే వేరుశనగ, పండింది. ఉరవకొండ అవతల, విడపనకల్లు దారిలో ఉన్న ఒక పల్లె నుంచి ఒక రైతు మా షాపుకొచ్చాడు. యాభై దాటిన మనిషి, ఊళ్ళో మాట చెల్లే కుటుంబం. మా ఓనరు ఒక్కొక్క టీవీ గురించి వివరంగా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవన్నీ నాకేంటికప్పా. ఉన్నవాట్లో అన్నిటికంటే పెద్దది యాది? మాయమ్మకు కనపడాల, అంతే" అన్నాడు.

సంగతంతా టెంపోలో పోతున్నప్పుడు చెప్పాడు. ఆయన తల్లికి చాలా ఏళ్ళుగా రెండు కళ్ళలోనూ పొరలు. చిన్నకొడుకు పెళ్ళినాటికే ఆమెకు మనుషులు నీడల్లాగా కనిపించేవాళ్ళట. పెళ్ళయిన రెండేళ్ళకు ఆ చిన్నకొడుకు లారీ ప్రమాదంలో పోయాడు. మిగిలింది పెళ్ళి క్యాసెట్టు ఒకటి. "వాడు మీసాలొచ్చినాక ఎట్లుండెనో నేను చూడనేలేదు, ఒక్కతూరి చూసి పోతాను" అని ఆమె రోజూ అనేదట. ఇరవై రోజుల కిందట ఉచిత శిబిరంలో కుడికంటికి ఆపరేషన్ చేయించారు. నెల తర్వాత వస్తే అద్దాలిస్తామని, ఆపైన ఎడమకన్ను సంగతి చూద్దామని డాక్టరు చెప్పాడు. ఈయన అంతవరకూ ఆగలేకపోయాడు. కన్ను తెరిచిన తల్లికి తమ్ముణ్ణి గోడంత పెద్దగా చూపించాలని ఆయన ఆశ. చెబుతూ చెబుతూ కిటికీ వైపుకు తిరిగి కూర్చున్నాడు.

టెంపో తోలేవాణ్ణి మేమంతా భాయ్ అనేవాళ్ళం. బరువులెత్తడంలో ఏనుగు, మాట్లాడటంలో మొహమాటం లేని మనిషి. ఆ రోజు నేను, భాయ్, ఊళ్ళో ఇద్దరు కలిసి ఆ టీవీని నడిమింట్లోకి చేర్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఒక పక్క గోడవారన చెనిక్కాయ బస్తాలున్నాయి. ఇంకో పక్క వంటింటి గడప. దాని పక్క గోడకు ఆనించి మోకాలెత్తున ఇటుకల గట్టు కట్టి పైన నల్లబండ పరిచి పెట్టారు.

"ఈ టీవీకి గట్టు అక్కర్లేదన్నా. దీని పీట దీనికే ఉండాది" అన్నాను.

"ఎలుకలు వైర్లు కొరుకుతాయప్పా. ఇల్లు కడిగితే నీళ్ళు పోతాయి. పైకే ఎత్తండి" అన్నాడాయన.

ఎత్తేశాం. అక్కడే నేను గట్టిగా కాదనాల్సింది. కానీ గట్టు మీద అది సింహాసనం మీద కూర్చున్నట్టుంటే నాకూ ముచ్చటేసింది. స్టెబిలైజరు తగిలించి, టీవీ వేడెక్కడానికి అరగంట ఆగి, తెర మీద తెల్ల గళ్ళు తెప్పించి మూడు రంగుల్నీ కలపడం మొదలుపెట్టాను. గంట పట్టింది. నిలబడి చూశాను, కుర్చీలో కూర్చుని చూశాను, గది చివరికి పోయి చూశాను. ఒక్క గీతకు కూడా పక్కన రంగు అంచు లేదు. నా అంత పనిమంతుడు జిల్లాలో లేడనిపించింది.

తలుపులు మూసి కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఇంటాయన, ఆయన బాబాయి, ఊరి పెద్దలు ఇద్దరు కుర్చీల్లో కూర్చున్నారు. కోడలు, అంటే ఇంటాయన భార్య, ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకున్న అవ్వను చెయ్యి పట్టుకుని తెచ్చింది. అవ్వ నేరుగా వంటింటి గడప పక్కకు పోయి నేల మీద కూర్చుంది. టీవీకి నాలుగైదడుగుల దూరం. అది ఆమె చోటు. మగవాళ్ళున్న గదిలో ఆ ఇంటి ఆడవాళ్ళు కుర్చీ ఎక్కరు. ఎవరూ వద్దనరు, ఎవరూ రమ్మనరు, అలా జరిగిపోతూ ఉంటుంది. కోడలు అత్త వెనక చేట పట్టుకుని నిలబడింది.

క్యాసెట్టు పెట్టారు. బాసికం కట్టుకున్న పెళ్ళికొడుకు తెర నిండా వచ్చాడు. కోలముఖం, నవ్వితే ఒక పక్కకు పోయే పెదవి. కుర్చీల్లో అందరూ ముందుకు వంగారు. ఇంటాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "అమ్మా, కనపడతాండాదా? మనోడే!" అన్నాడు.

అవ్వ తల పైకెత్తి చూసింది. "మబ్బుగా ఉండాది నాయనా. ఏదో మెదుల్తాండాది."

"ఆ నల్లద్దాలు తీసి చూడు."

తీసింది. "ఊహూ. ముఖం తెలీలే."

"ఇంకా ముందుకు జరుగుమా. దగ్గర్నుంచి చూడు."

అవ్వ రెండు చేతులూ నేలకు ఆనించి ముందుకు జరిగింది. ఇంకా జరగమన్నాడు. ఇంకా జరిగింది. ఆమె ముఖం గట్టు అంచుకు దగ్గరైంది.

"ఇప్పుడింకా చీకటయింది నాయనా" అంది.

దగ్గరికి పోయేకొద్దీ చీకటవుతోందంటే ఇక అనుకోవడానికేముంది? అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కోడలు మాత్రం మెల్లగా, "పొద్దున పెరట్లో కోళ్ళను అదిలించె. వాకిట్లోకి ఎవరొచ్చినా పోల్చుకుంటాంది. ఈ టీవీ దగ్గరే..." అని ఏదో అనబోయింది. "నువ్వుండు" అన్నాడు మొగుడు. నేనూ ఊరుకోలేదు. "కోడి చప్పుడుకే తెలుస్తాదిలేమ్మా" అని ఇకిలించాను.

ఇంటాయన నా వైపు తిరిగాడు. ఆ ముఖం నాకింకా గుర్తుంది. నేను టీవీదే తప్పంటే బాగుండునని వెయ్యిదేవుళ్ళకు మొక్కుకుంటున్న ముఖం అది.

"ఏమప్పా, నిజం చెప్పు. టీవీలో ఏమన్నా తేడా ఉండాదా?"

నేను నిలబడే తెర వైపు చూశాను. బొమ్మ వెలిగిపోతోంది. గంటసేపు చెమటోడ్చిన పని. దానికి ఎవరైనా వంక పెడితే నాకు ఒళ్ళు మండేది.

"టీవీలో ఏ లోపమూ లేదన్నా. కడిగిన ముత్యం లెక్కుండాది. చూసే కంట్లోనే ఏదో తేడా" అన్నాను.

కంటి గురించి నాకేం తెలుసు? ట్యూబులు తెలుసు, లెన్సులు తెలుసు, అంతే. కానీ టూలుబ్యాగు పట్టుకున్నవాడి మాటకు పల్లెల్లో ఎంత విలువుంటుందో మీకు తెలియదు. అవ్వ నల్లద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"పోనీలే నాయనా. ఆయప్పనేం అనొద్దు. నా రాత అట్లుండాది" అని, కోడలి వైపు తిరిగి, "వాళ్ళు పొద్దన్నుంచి ఏం తినలే. సంగటి పెట్టు" అంది.

సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టారు. నేను రెండో ముద్ద కూడా అడిగి పెట్టించుకున్నాను. తర్వాత చేసిన తప్పుల కన్నా ఆ రెండో ముద్ద తలచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు ఉరవకొండ దాటాక భాయ్ అన్నాడు. "చెయ్యి కడుక్కుంటాంటే ఆ అవ్వ నన్ను చూసి, 'చొక్కా అంతా తడిసిపోయిండాది, నీళ్ళు తాగినావా' అనె అన్నా. కండ్లు లేనోళ్ళకు చెమట కనపడతాదా?"

"వాసనొచ్చుంటుందిలే" అన్నాను. భాయ్ నవ్వలేదు.

కొన్ని నెలల తర్వాత ఇంటాయన ఏదో పనిమీద అనంతపురం వచ్చి షాపులో తొంగిచూశాడు. అవ్వ ఎలా ఉందని అడిగాను. "ఆపరేషన్ చెడిపాయప్పా. అద్దాలకు పోదాం రామ్మా అంటే, సచ్చిపోయిన కంటికి అద్దాలేంటికి అంటాది. రెండో కన్ను ముట్టుకోనియ్యదు. ఉన్న మసకన్నా ఉండనీ అంటాది" అన్నాడు. నేను నాలుక చప్పరించి, "ఉచిత ఆపరేషన్లంటే అంతేలెన్నా" అన్నాను. ముక్కూమొహం తెలియని ఆ డాక్టరును కూడా వదిలిపెట్టలేదు నేను. ఆయన పని ఆయన సరిగ్గానే చేశాడు. ఆ సంగతి నాకు తెలియడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది.

ఏడాదిన్నరకు ఆ ఇంటి నుంచి కంప్లయింటు వచ్చింది. బొమ్మలో మనిషి పక్కన ఎర్ర మనిషి నిలబడుతున్నాడట. పొలాల మోటర్లకు కరెంటు వచ్చినప్పుడల్లా ఆ పల్లెల్లో ఓల్టేజీ పడిలేస్తుంది. రంగుల్ని కలిపి ఉంచే పార్టు దానికి తట్టుకోలేక కాలిపోతుంది. మాకది మామూలే. భాయ్‌తో కలిసి వెళ్ళాను. ఇంటాయన మండలాఫీసుకు పోయాడని కోడలు చెప్పింది. టీవీ వెనక రేకు విప్పాలంటే ముందు పైన ఉన్నవి దించాలి. పైన ఉన్నది కనకాంబరాల దండ వేసిన అవ్వ ఫోటో.

"మూడు నెలలాయన్నా" అంది కోడలు, ఫోటోను నా చేతుల్లోంచి తీసుకుంటూ. "కన్ను పాయె అనుకున్నాక పెరట్లోకి పోయేది కూడా మానేసె. యాడ పడతానో అని. మూలన మంచం మీద కూచుండిపాయె. మనిషి అట్లే వాడిపాయె."

అయ్యోపాపం అన్నాను. ఆ మాట మామూలుగానే అన్నాను. అప్పటికింకా నాకేమీ తెలియదు కదా.

పార్టు మార్చి, వేడెక్కనిచ్చి, తెల్ల గళ్ళు తెప్పించి రంగులు కలిపాను. రేకు బిగిస్తుండగా ఒక స్క్రూ చేతిలోంచి జారి దొర్లుకుంటూ వంటింటి గడప దగ్గరికి పోయింది. పోయి నేల మీద చతికిలబడి వెతికాను. దొరికింది. తలెత్తి చూస్తే తెర నల్లగా ఉంది.

పార్టు మళ్ళీ పోయిందనుకుని తిట్టుకుంటూ లేచాను. గళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. కూర్చున్నాను. చీకటి. లేచాను. వెలుగు. గుంజీలు తీసినట్టు నాలుగైదుసార్లు లేచి కూర్చున్నాను. తర్వాత అవ్వ లాగే నేల మీద రెండు చేతులూ ఆనించి ముందుకు జరిగాను. ఇంకా చీకటైంది. బెంగుళూరులో రాసుకున్న వాక్యం, దాని కింద గీసిన గీతతో సహా, అప్పుడు గుర్తొచ్చింది. స్క్రూ చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

"ఏమన్నా, అట్ల కూచుంటివి?" అంది కోడలు వంటింట్లోంచి.

"ఇక్కడి నుంచి చూస్తే ఏమీ కనపడలేదమ్మా."

"ఈడ్నుంచి ఎప్పుడూ అంతే కదన్నా" అంది ఆమె, ఎండలో వేడి ఉంటుందని చెప్పినంత మామూలుగా. "నేను రోజూ కూచునేది ఈడనే. చీకటిగానే ఉంటాది. మాటలు ఇనపడతాయి కదా, అవి ఇనుకుంటా కాయలొలుస్తాంటా."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఆ పొద్దు నేను అత్త వెనక నిలబడింటి. నాకు బాగా కనపడె. తర్వాత ఈడ కూచుంటే నాకూ చీకటాయె. పెద్ద టీవీలు అట్లనే ఉంటాయేమో అనుకుంటి. ఒకతూరి ఆయనతో అంటి కూడా. మెకానిక్కే ఏ లోపం లేదని చెప్పె, నీకేం తెలుసు అనె."

నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. కుర్చీలో కూర్చున్నవాళ్ళకే ఆ తెర కనపడుతుందని, గట్టు ఎక్కించడం వల్ల ఇంకా చెడిందని, అవ్వ కన్ను బాగానే ఉండి ఉంటుందని, ఒక్క కుర్చీ వేసి ఉంటే సరిపోయేదని. ఆమె పమిట కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. చేతులు ఎప్పుడో ఆరిపోయినా తుడుచుకుంటూనే ఉంది.

బయట మోటరుసైకిల్ చప్పుడైంది.

"అన్న వచ్చినాడు. నేనే చెప్తానమ్మా" అని లేవబోయాను.

"వద్దన్నా" అంది గబగబా. "ఆపరేషన్ చెడిపాయె, మన చేతుల్లో ఏముండాది అనుకోని నెమ్మదిగా ఉండాడు. కన్ను బాగనే ఉండె, తమ్ముణ్ణి చూడకుండా చేసింది మనమే అని తెలిస్తే ఆ మనిషి బతకలేడు. నీకు దండం పెడతా."

ఆమె ఆయన కోసం అడిగింది. నేను మాత్రం నా కోసమే ఒప్పుకున్నాను. నోరు మూసుకోవడానికి ఒక మంచి కారణం దొరికితే పిరికివాడికి అంతకన్నా ఏం కావాలి?

ఇంటాయన చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "ఏమప్పా, సరిపాయెనా? ఇప్పుడేం లోపం లేదు కదా?"

"ఏ లోపమూ లేదన్నా." అదే గదిలో, అదే మనిషికి, అదే మాట రెండోసారి చెప్పాను. తర్వాత, "ఆ గట్టు మాత్రం తీసేద్దాం. దాని మీద పెట్టె వేడెక్కుతాంది" అని ఒక అబద్ధం చేర్చాను.

ఆయనకు అర్థం కాకపోయినా సరేనన్నాడు. భాయ్‌ని, పక్కింటివాణ్ణి పిలిచి టీవీ దించాం. గట్టు పగలగొట్టించాం. ఈ టీవీని కదిలిస్తే రంగులు మళ్ళీ మొదటినుంచి కలపాలి. ఈసారి గంటసేపూ నేల మీద, వంటింటి గడప పక్కన కూర్చునే కలిపాను. భాయ్ నన్ను, ఆ చోటును, తెరను మార్చి మార్చి చూశాడు. వాడికి చెప్పనక్కరలేకపోయింది.

"బొమ్మ చూద్దాం" అని ఇంటాయన ఆ పెళ్ళి క్యాసెట్టే పెట్టాడు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కోడలు వచ్చి ఎప్పటి చోటులోనే నేల మీద కూర్చుంది. ఆ చోటు నుంచి మొదటిసారి ముఖాలు కనపడ్డాయి. బాసికం కట్టుకున్న కుర్రాడు పెదవి ఒక పక్కకు పోయేలా నవ్వాడు. అక్షింతలు వేసేవాళ్ళ వరసలో అవ్వ వచ్చింది. కొడుకు తల ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుని, నుదురు మీద చెయ్యి ఆనించి, అక్షింతలు వేసింది. కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడవాకు. మాయమ్మకు రాసిపెట్టి లేదు" అన్నాడు ఇంటాయన. నేను టూలుబ్యాగు సర్దుకున్నాను.

ఆ తర్వాత నేను ఏ ఇంట్లో టీవీ పెట్టినా ముందు, "ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగి, ఆ చోట నేల మీద కూర్చుని చూసేవాణ్ణి. తోటి మెకానిక్కులు నన్ను చూసి ధ్యానం మొదలుపెట్టాడని ఎగతాళి చేసేవారు. ఇప్పుడా టీవీలు లేవు. పాత ఇనుము కొట్లలో కూడా కనపడవు. ఇప్పటి తెరలు ఏ మూల నుంచి చూసినా కనపడతాయట. మీకు ఆ ప్రశ్న అడిగే అవసరం లేదు. నేను ఆ అలవాటు చేసుకున్నంత మాత్రాన పోయిన అవ్వకు ఒరిగిందీ లేదు.

మీకు నీతి చెప్పే అర్హత నాకు లేదు కాబట్టి చెప్పను. ఆ రోజు ఆ గదిలో ఉన్నది ఉన్నట్టు ఒక మనిషి మూడుసార్లు చెప్పింది. మబ్బుగా ఉంది అంది, ముఖం తెలియలేదు అంది, ఇప్పుడింకా చీకటయింది అంది. కళ్ళున్న మేమెవ్వరం ఆమె పక్కన కూర్చుని చూడలేదు.